వరంగల్లు గుట్టల్లో మైకు పట్టిన నాలుగు రోజులు

మా తెనాలి చుట్టుపక్కల ఎక్కడ ఎడ్ల పందాలు జరిగినా మైకు దగ్గర నేనే ఉంటాను. బడిలో తెలుగు చెప్పుకునే మాస్టర్ని. సెలవు రోజుల్లో మాత్రం బండ లాగే గిత్తల వెంట నా గొంతు పరిగెడుతుంది. అలాంటి నన్ను మోటారు సైకిళ్ల పందెం చెప్పడానికి వరంగల్లు రమ్మన్నారంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఉత్తరం రెండుసార్లు చదివేదాకా నేనూ నమ్మలేదు.

రాసింది హైదరాబాదు మోటారు క్లబ్బు కార్యదర్శి. కిందటేడు మా ఊరి ఎడ్ల పందాలు చూసి వెళ్లాడట. గుట్టా గొయ్యీ అనకుండా మట్టి నేల మీద మోటారు సైకిళ్లను దూకించే పందెం ఒకటుందని, దాన్ని మోటోక్రాస్ అంటారని రాశాడు. డెబ్బైల్లో అక్కడా ఇక్కడా సరదాగా మొదలైన ఈ ఆటను ఇప్పుడు దేశమంతటికీ కలిపి పోటీగా పెడుతున్నారు. అదింకా పాలు మరవని పిల్ల. ఏడాదిలో నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది, ఈసారి ఒక ఊరు వరంగల్లు. "ఇంగ్లీషులో చెప్పేవాళ్లు మాకున్నారు. కానీ వచ్చేది పల్లె జనం. వాళ్లకు తెలుగులో చెప్పే గొంతు కావాలి" అన్న వాక్యం దగ్గర నేను కాస్త ఉబ్బిన మాట నిజమే.

వెళ్లొచ్చి నెల కావస్తోంది. చొక్కా మడతల్లో ఆ ఎర్ర దుమ్ము ఇంకా పూర్తిగా పోలేదు.

నెక్కొండలో ఎక్కిన మనిషి

బెజవాడలో ప్యాసింజరు బండెక్కి కూర్చుంటే ఖమ్మం దాటేసరికి నేల రంగు మారిపోయింది. మా వైపు కనుచూపు మేరా పచ్చగా పరుచుకునే చేలు వెనకబడ్డాయి. ఎర్రటి మొరం నేలలు, ఎవరో ఆడుకుంటూ మధ్యలో వదిలేసినట్టున్న బండరాళ్ల గుట్టలు, వాటి పక్కన తాటిచెట్లు. మాఘమాసపు ఎండ పల్చగా ఉంది. పట్టాల పక్క కళ్లాల్లో మిరపకాయలు ఆరబోశారు. గాలి ఇటు తిరిగిందంటే పెట్టెలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా తుమ్మేవాళ్లు. తుమ్ముతూ, మళ్లీ కునికిపాట్లు పడుతూ, ఎటు పోతున్నానో కూడా మరిచిపోయిన స్థితిలో నెక్కొండ వచ్చింది.

అక్కడ ఒకామె గంప నెత్తిన పెట్టుకుని ఎక్కింది. యాభై ఏళ్లుంటాయి. "జర జరుగు సారూ" అంది.

"కూర్చోండమ్మా" అని జరిగాను.

ఆమె వెనక్కి తిరిగి చూసి, "ఎవలనంటానవ్? నేనొక్కదాన్నే ఉన్న" అని నవ్వింది. మా వైపు చిన్నాపెద్దా అందరినీ 'అండి' అనడం మాకు అలవాటు. ఇక్కడ అలా అంటే పక్కన ఇంకెవరో ఉన్నారనుకుంటారు. తర్వాత నాలుగు రోజులూ నన్నెవరైనా 'నువ్వు' అంటే చిన్నతనం అనిపించలేదు. దాంట్లో ఒక దగ్గరితనం ఉంది.

ఆమె పేరు లచ్చమ్మ. పాలకుర్తి దగ్గర పల్లె. నెక్కొండలో కూతురి కాన్పుకు వెళ్లి, ఇప్పుడు వరంగల్లు పోతోంది. గంపలోంచి జొన్నరొట్టె తీసి సగం విరిచి, మీద ఎర్రకారం రాసి నా చేతిలో పెట్టింది. నేనొక సున్నుండ ఇచ్చాను. ఆమె కొరికి, కాసేపు ఆలోచించి, "పిండి పిండిగున్నది, గని మంచిగనే ఉన్నది" అని తీర్పు చెప్పింది. నాకేమో రొట్టె కారం నషాళానికంటింది, నీళ్లు తాగినా తగ్గలేదు.

ఎక్కడికని అడిగింది. మోటారు సైకిళ్ల పందెం ఉంది, మైకులో చెప్పడానికి వెళ్తున్నానన్నాను. ఆమె నమలడం ఆపేసింది.

"నా కొడుకు గా పందెంలనే ఉరుకుతాండు సారూ. సోమయ్య."

సోమయ్య రోజూ పొద్దున్నే పల్లెల్లో పాలు పోయించుకుని, మోటారు సైకిల్‌కు రెండు వైపులా క్యాన్లు కట్టి వరంగల్లు తెస్తాడు. రోడ్డు లేని చోట పొలం గట్ల మీద నుంచే బండి నడుపుతాడు. "సుక్క కింద పడది" అంది గర్వంగా. వెంటనే గొంతు తగ్గించి, "గీ పందెం మాత్రం వద్దన్న. ఇంటడా? వచ్చి సూడవ్వా అని కబురంపిండు. నువ్వు మైకుల జెప్పేటోనివి గద, నీకు అన్ని కనబడ్తయ్ గద. వాన్ని జర సూస్తుండు" అంది.

"చూస్తానక్కా" అన్నాను.

మైకు పట్టుకున్నవాడికి అన్నీ కనిపిస్తాయని ఆమె నమ్మింది. ఇన్నేళ్లుగా నేనూ అలాగే అనుకుంటున్నాను.

రిక్షా తీసుకెళ్లిన చోటు

వరంగల్లు స్టేషన్లో దిగాక లచ్చమ్మ బంధువుల ఇంటికి వెళ్లిపోయింది. నేనొక రిక్షా ఎక్కి, "మోటారు సైకిల్ పందాల దగ్గరికి" అన్నాను. రిక్షా అతను ఏ సందేహమూ లేకుండా అరగంట తొక్కి ఒక ఎగ్జిబిషన్ గేటు ముందు దింపాడు. లోపల చెక్కలతో కట్టిన పెద్ద బావి, దాని గోడల మీద గిరగిరా తిరిగే మోటారు సైకిలు. మృత్యుకూపం! బోర్డు మీద అదే రాసి ఉంది. క్లబ్బువాళ్లు నన్ను దీనికి పిలిచారేమోనని టిక్కెట్లమ్మేవాణ్ణి అడిగాను. "మైకు మాకున్నది సారూ, మంచి రికార్డున్నది" అన్నాడు.

పొరపాటు తెలిశాక రిక్షా అతను నాకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. "ఫికర్ చెయ్యకు సారూ, తీస్కపోత" అని బస దాకా తొక్కి, తిరుగు బాడుగ తీసుకోనన్నాడు. అతన్ని ఒప్పించి ఒక హోటల్లో చాయ్ తాగించాను. పావలా చాయ్. మా వైపు టీ కంటే చిక్కగా, మగతలాంటి తీపితో ఉంది. ఇద్దరం రోడ్డు మీద పోయే ఎడ్లబళ్లను చూస్తూ తాగాం.

గుట్టల మధ్య

మర్నాడు పొద్దున పోటీ స్థలానికి వెళ్లాను. ఊరి బయట నాలుగు గుట్టల మధ్య పళ్లెంలాంటి ఎర్రనేల. మంచు ఇంకా విడలేదు. ఆ మంచులో ఎక్కడో ఇంజన్లు మోగుతున్నాయి, బండ్లు మాత్రం కనబడవు. శబ్దం ఒక గుట్టకు తగిలి రెండో గుట్ట మీంచి తిరిగొస్తోంది. కాసేపటికి మంచులోంచి ఒక మనిషి గాల్లో తేలుతూ వచ్చి, నేల మీద వాలి, మళ్లీ మంచులోకి వెళ్లిపోయాడు. కలగంటున్నానేమో అనుకున్నాను.

పూనా, బెంగుళూరు, కోయంబత్తూరు, కలకత్తా నుంచి వచ్చిన కుర్రాళ్లు. బండ్లను గూడ్సు బండ్లలో వేసుకుని వచ్చారట. మోకాళ్ల దాకా తోలు బూట్లు. చెట్ల కింద దుప్పట్లు పరిచి ఇంజన్లు విప్పుకుని కూర్చున్నారు. ఒకరికి కావలసిన బోల్టు ఇంకొకరు ఇస్తున్నారు. రేపు పోటీ పడేది వీళ్లేనా అనిపించింది.

దారి ఒక పెద్ద చుట్టు. దాని లోపలి వైపు నా మైకు కోసం ఒక ట్రాక్టరు ట్రాలీ నిలిపారు. ట్రాలీ చుట్టూ జనం కూర్చోవడానికి చోటు. ఎదురుగా తాడు, తాడు అవతల దారి, దారికి అవతలి పక్క మొరం పోసి కట్టిన ఎత్తైన దిబ్బ. బండ్లు ఆ దిబ్బ మీంచి గాల్లోకి లేచి, కిందికి దిగి, సరిగ్గా తాడు పక్కనుంచి మలుపు తిరిగి వెళ్తాయి.

దిబ్బ దగ్గర జెండాలు పట్టుకున్న పెద్దాయన పేరు ఆశీర్వాదం. కాజీపేటలో రైల్వే గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆదివారం ప్రార్థన మానుకుని ఇక్కడికి రావలసి వస్తుందని రెండు రోజులు ఆలోచించి మరీ ఒప్పుకున్నాడట. "రైలుకు ఎర్రజెండా సూపిస్తె ఆగుతది సారూ. గీళ్లకు సూపిస్తె ఇంకింత ఉరుకుతాండ్రు" అన్నాడు.

ప్రాక్టీసు చూసేందుకు ఐదారు వందల మంది వచ్చారు. నేను మైకు సవరించుకుని మొదలుపెట్టాను. అంతరిక్షంలో విహరించే విహంగరాజని, వాయువేగమని, మనోవేగమని. మా గిత్తలకు వాడే సరుకంతా దింపాను. జనం నా వైపు మర్యాదగా చూశారు. ఒక్కరూ ఈల వెయ్యలేదు.

ఆశీర్వాదం ట్రాలీ దగ్గరికి వచ్చి, "సారూ, మీ తెలుగు రేడియోల లెక్క మస్తుగున్నది. గని గీళ్లకు ఎక్కుతలేదు. మీరు విహంగం అంటిరి, నా పక్కకున్న ముసలాయన 'ఏమాయె, ఎవలకన్న దెబ్బ తాకిందా' అనవట్టె" అన్నాడు.

"ఎలా చెప్పమంటారు మరి?"

"పరిగెత్తుతున్నాడు గాదు, ఉరుకుతాండు. దూకాడు గాదు, దుంకిండు. జనం మీదికొస్తె 'దయచేసి కూర్చోండి' అంటె ఎవలినరు. కూసోండ్రి అని గట్టిగ ఒక్కతీరుగ అనాలె."

ఆ మధ్యాహ్నమంతా చింతచెట్టు నీడలో ఆయన నాకు పాఠం చెప్పాడు. ఆయన భార్య పంపిన సర్వపిండి రొట్టెను ఇద్దరం తుంచుకుని తిన్నాం. ముప్ఫై మందికి పరీక్ష పెట్టే మాస్టర్ని, 'కూసోండ్రి' అనే ఒక్క మాటను ఆయన తల ఊపేదాకా ఏడుసార్లు అప్పజెప్పాను.

సోమయ్య అక్కడే కలిశాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తోలు బూట్లు లేవు. పాత కాన్వాసు బూట్లకు సైకిల్ ట్యూబు చుట్టుకున్నాడు. తలకు పూనా కుర్రాడెవరో ఇచ్చిన హెల్మెట్టు. ఇక్కడ మొదటి ఆరుగురిలో వస్తే క్లబ్బువాళ్లు అతన్ని తర్వాతి పోటీకి కోయంబత్తూరు తీసుకెళ్తామన్నారు.

"భయం లేదా?" అని అడిగాను.

"పాల క్యాన్లుంటె బండి నిలకడగుంటది సార్. ఉత్త బండి ఊకె పైకి లేస్తాంది. గదొక్కటే అలవాటు గావాలె."

"పైకి లేచినప్పుడు ఎలా ఉంటుంది?"

అతను సిగ్గుపడ్డాడు. "సప్పుడు ఉండది సార్" అన్నాడు. "ఇంజన్ మోగుతనే ఉంటది, గని నాకు ఇనబడది. జరసేపే."

పందెం రోజు

ఆదివారం పొద్దు పొడిచేసరికే గుట్టలన్నీ మనుషులతో నిండిపోయాయి. ప్రతి బండ మీదా ఒక కుటుంబం. ఎడ్లబళ్లు, ట్రాక్టర్లు, లారీలు. ప్యాలాలు, పల్లీలు అమ్మేవాళ్లు. దేవుడు లేని జాతర అనిపించింది. మా వైపు పందాల్లో ఆడవాళ్లు దూరంగా మిద్దెల మీంచి చూస్తారు. ఇక్కడ మగవాళ్లతో సమానంగా ముందు వరసల్లో కూర్చుని, ఎవడు గెలుస్తాడో వాదించుకుంటున్నారు. లచ్చమ్మను ఆశీర్వాదం నా ట్రాలీ ముందు గోనెసంచీ పరిచి కూర్చోబెట్టాడు.

రెండు పందాలు, ఒక్కోటి పది చుట్లు. మొదటిదానికి జెండా ఊగింది. పదిహేను బండ్లు ఒక్కసారిగా అరిచాయి. నేను కొంత నా తెలుగులో, కొంత వాళ్ల తెలుగులో మొదలుపెట్టాను. "పూనా పిలగాడు ముంగట! మన పాలకుర్తి సోమయ్య ఆరో నంబరుల ఉరుకుతాండు!" అనగానే గుట్టలు గుట్టలే కేకలు వేశాయి. నా ఒళ్లు పులకరించింది. రెండో చుట్టులో సోమయ్య ఐదోవాడు. మూడో చుట్టులో నాలుగోవాడు. లచ్చమ్మ కొడుకును చూడటం లేదు. నన్నే చూస్తోంది. నా నోటి నుంచి ఏ మాట వస్తే ఆ మాటే ఆమెకు పందెం.

నాలుగో చుట్టు. సోమయ్య దిబ్బ ఎక్కాడు. లేచాడు. నీలాకాశం మీద మనిషీ బండీ ఒక్క క్షణం నిలిచిపోయినట్టు కనిపించారు. ముందు చక్రం కొంచెం ఎక్కువ పైకి లేచింది. వెనకనున్న ఇద్దరు కూడా దిబ్బ మీదికి వచ్చేశారు. తర్వాత ఎర్ర దుమ్ము.

ఆ దుమ్ములోంచి సోమయ్య బండి ఒక్కటే దొర్లుకుంటూ వచ్చి, తాడు దగ్గర పడిపోయింది. మీద మనిషి లేడు.

జనం లేచారు. ముందు వరసలు, వాటి వెనక వరసలు, బండల మీద వాళ్లు. వాళ్లకు ఒక్కటే ఆలోచన, దిబ్బ దగ్గరికి ఉరకాలి. అటు వెళ్లాలంటే దారి దాటాలి. దారి మీద, దుమ్ము వెనక, ఇంకా ఎనిమిది తొమ్మిది బండ్లు వస్తున్నాయి. ఆశీర్వాదం బండ్లు నెమ్మదించమని పసుపు జెండా ఊపుతున్నాడు, ఆ జెండా కూడా దుమ్ములో కలిసిపోయింది. లచ్చమ్మ లేచి నిలబడింది. నా కళ్లలోకి చూసింది. నేనేమీ అనకపోయేసరికి చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తాడు వైపు అడుగేసింది.

"కూసోండ్రి!" అన్నాను. "ఎక్కడోళ్లు అక్కడ్నే కూసోండ్రి! సోమయ్య చెయ్యి కదుల్తాంది! నాకు కనబడ్తాంది! కూసోండ్రి!"

నాకు కనబడింది ఎర్ర దుమ్మే.

చేను మీద గాలి వీస్తే వెన్నులు వంగినట్టు జనం వరసలు వరసలుగా కూర్చున్నారు. లచ్చమ్మ తాడుకు నాలుగడుగుల దూరంలో నేల మీద కూలబడింది. మరుక్షణం దుమ్ములోంచి మూడు బండ్లు దారి తప్పి, తాడును తెంచుకుంటూ, ఆమె ముందు నుంచే దూసుకుపోయాయి.

దుమ్ము నెమ్మదిగా దిగింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. మొదట ఆశీర్వాదం టోపీ కనబడింది, తర్వాత మోకాళ్ల మీద కూర్చున్న ఆశీర్వాదం, తర్వాత నేల మీద సోమయ్య. కదలడం లేదు. చివరికి ఆశీర్వాదం లేచి, రెండు చేతులూ పైకెత్తి, నా వైపు చూసి తల ఊపాడు. బతికే ఉన్నాడు.

నులకమంచం మీద మోసుకొచ్చి జీపులో ఎక్కించారు. లచ్చమ్మ కూడా ఎక్కింది. ఎక్కేముందు నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించింది. నా తల దానంతట అదే వంగిపోయింది.

మొదటి పందెం అక్కడితో ఆపేసి, గంట తర్వాత రెండో పందెం పెట్టారు. మూడో చుట్టులో మళ్లీ దుమ్ము లేచింది. దిబ్బ, బండ్లు, మనుషులు, అన్నీ మాయమయ్యాయి. మైకు నోటి దగ్గరే ఉంది. "దుమ్ము లేసింది," అన్నాను. "నాకేం కనబడ్తలేదు. మీ లెక్కనే నేను గూడ ఎదురుసూస్తాన."

అరుస్తారేమో అనుకున్నాను. ఎవరూ అరవలేదు. అన్ని వేల మందీ చప్పుడు చెయ్యకుండా చెవులు రిక్కించారు. ఇంజన్లు కనబడకుండా గుట్టల మధ్య తిరుగుతున్నాయి, దగ్గరికొస్తూ, దూరమవుతూ. కొందరు కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. నా జన్మలో మైకు ముందు అంతసేపు ఊరుకోలేదు. ఆ మౌనంలోంచి పూనా కుర్రాడు బయటికి వచ్చినప్పుడు జనం వదిలిన ఊపిరి నా మైకులోంచి వినబడింది.

దవాఖానలో

మర్నాడు సాయంత్రం నా రైలు. పొద్దున ఆశీర్వాదంతో కలిసి పెద్ద దవాఖానకు వెళ్లాను. సోమయ్యకు కుడికాలు, మెడ కింద ఎముక విరిగాయి. కాలికి తొడ దాకా కట్టు, ఒక చేతిని కూడా ఛాతీకి కట్టేశారు. లచ్చమ్మ మంచం పక్క బల్ల మీద కూర్చుని నారింజ వలుస్తోంది. నన్ను చూసి కొంగు సవరించుకుని జరిగింది.

"సార్, పైకి లేసిందొక్కటి యాదికున్నది. తర్వాత ఏం యాదికి లేదు. నేనెట్ల దుంకిన్నో జెప్పరాదు?" అన్నాడు సోమయ్య.

చెప్పాను. మైకు లేకుండా, మెల్లగా. ఆరో స్థానం నుంచి నాలుగుకు ఎలా వచ్చాడో, దిబ్బ ఎలా ఎక్కాడో, ఆకాశం మీద ఎలా నిలిచాడో, ముందు చక్రం ఎంత లేచిందో. అతను పసివాడిలా వింటున్నాడు. "దుమ్ములోంచి నీ బండి ఒక్కటే వచ్చింది. అక్కడి నుంచి నాకేమీ కనబడలేదు" అన్నాను.

అన్నాక తెలిసింది, ఆ మాట ఇంకెవరు విన్నారో.

లచ్చమ్మ చేతిలో నారింజ ఆగిపోయింది. "కనబడలేదా? చెయ్యి కదుల్తాందంటివి గద సారూ."

ఆశీర్వాదం కిటికీ వైపు చూశాడు.

"లేదక్కా. నువ్వు దారి మీదికి పోతున్నావు. ఆపడానికి అన్నాను. నీ కొడుకు ఎలా ఉన్నాడో అప్పుడు నాకు తెలియదు."

ఆమె నారింజ తొనను అటూ ఇటూ తిప్పి చూసింది. "జీపెక్కేదాక గా చెయ్యే కండ్లల్ల మెదిలింది," అంది చివరికి. "కదిలే చెయ్యి. వీడు లేకపోతె ఏం జేద్దును? ఎవలనడుగుదును?"

ఆమె ప్రాణం నిలిచిందని అనొచ్చు. ఆశీర్వాదం అదే అనబోయాడు, నేను చేత్తో వద్దన్నాను.

"ఇంకెవల తల్లికి గట్ల జెప్పకు సారూ."

"చెప్పను" అన్నాను.

సోమయ్య మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "రెండో పందెం ఎవలు గెలిచిండ్రు సార్? గది గూడ జెప్పు" అన్నాడు.

నేను లచ్చమ్మ వైపు చూశాను. ఆమె కట్టు మీద దుప్పటి సర్ది, "జెప్పు. సూసినంతనే జెప్పు" అంది.

రెండో పందెం చెప్పాను. పక్క మంచాల వాళ్లు కూడా తలలు తిప్పి వింటున్నారు. మూడో చుట్టులో దుమ్ము లేచిన చోటికి వచ్చి ఆగాను. "ఇక్కడ నాకు కనబడలేదు" అన్నాను.

"గక్కడ ఎట్లుంటదో నాకెరుక సార్" అన్నాడు సోమయ్య. కళ్లు మూసుకుని, కట్టు లేని చేతిని గాల్లోకి ఎత్తి, ఆ దుమ్ములో మనిషి దేన్ని పట్టుకుని ముందుకు పోతాడో, చక్రం కింద నేల ఎప్పుడు మారుతుందో, బయట వెలుతురు ఏ పక్క నుంచి మొదలవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. నేను లచ్చమ్మ పక్కన బల్ల మీద కూర్చుని విన్నాను.